ప్రయోగశాలలో రెండేండ్లు



చదువనగా పుస్తకము ముందు పెట్టుకొని చదువుట యనియు, పరీక్ష యనగా చదివినదానిని కాగితముమీద వ్రాసి చూపుట యనియు మన పల్లెలలో నభిప్రాయము కలదు. ఆ యభిప్రాయము తప్పు గాదు. కాని విశ్వవిద్యాలయములందు మఱియొక తెఱగు చదువు కూడ నున్నది. అందు పుస్తకముకంటె చేతులు ఎక్కువ పని చేయును. జ్ఞాపకశక్తికంటె ఓర్పు ఎక్కువ ఖర్చగును. దానిని ప్రయోగశాల చదువందురు. నేను జీవరసాయన శాస్త్రములో ఎం.ఎస్‌సి. పట్టమునకై అట్టి చదువు రెండేండ్లు చదివి యిటీవలనే ముగించితిని. "రెండేండ్లు గాజుగొట్టములతో గడపితివి గదా, నేర్చిన దేమి? అది మా కెట్లుపకరించును?" అని మా యూరి పెద్దలు కొందఱు నన్నడిగిరి. ఇది న్యాయమైన ప్రశ్న. బిడ్డల చదువునకై అప్పు చేసినవారికి, పొలము కుదువబెట్టినవారికి ఆ ప్రశ్న నడుగు హక్కు కలదు. ఈ ప్రసంగమున దానికి సమాధానము చెప్పుటకు ప్రయత్నింతును.

జీవరసాయన శాస్త్రమనగా ప్రాణుల శరీరములలో జరుగు రసాయనిక మార్పులను గూర్చిన శాస్త్రము. మనము తిన్న యన్నము శక్తిగా నెట్లు మాఱుచున్నది, రక్తములో నేయే పదార్థము లెంతెంత యున్నవి, అవి హెచ్చినను తగ్గినను ఏమి కీడు కలుగును, గింజ మొలకెత్తునపుడు దానిలోని పిండి చక్కెరగా నెట్లగును అను ప్రశ్నలకు ఈ శాస్త్రము సమాధానములు వెదకును. వెదకుటకు కన్నొక్కటియే చాలదు. రక్తపుచుక్కను చూచి యిందులో భాస్వర మింత యున్నదని చెప్పగలవా డెవ్వడును లేడు. కంటికి కనబడని దానిని కంటికి కనబడు గుర్తుగా మార్చి, ఆ గుర్తును కొలిచి, లెక్క తేల్చవలెను. రెండేండ్లు మేము చేసిన పనియంతయు నిదియే.

ఈ పని వినుటకు సులభము, చేయుటకు కష్టము. దినమునకు నాలుగైదు గంటలు నిలువుకాళ్లమీద నుండవలెను. కొన్ని ప్రయోగములు ఉదయము మొదలుపెట్టినచో ప్రొద్దుగ్రుంకిన పిమ్మట గాని ముగియవు. నడుమ విడిచిపోవుటకు వీలులేదు. పొయ్యిమీద నెసరు పెట్టి యిల్లాలు పొరుగూరికి పోయినచో అన్నమేమగునో, నడుమ విడిచిన ప్రయోగమును నట్లే యగును. మొదట మాకు నేర్పినవి గొప్ప సిద్ధాంతములు గావు. గాజుసామాను కడుగుట, తూచుట, కొలుచుట, మందులను జాగ్రత్తగా కలుపుట. గాఢమైన ఆమ్లమును పలుచన చేయవలసివచ్చినపుడు, ఆమ్లమునే కొంచెము కొంచెముగా నీటిలో పోయవలెను గాని నీటిని ఆమ్లములో పోయరాదు. పోసినచో ఆ వేడికి ద్రవము చిమ్మి ముఖమును కాల్చును. పిపెట్టు అనగా కొలగీతలు గల సన్నని గాజుగొట్టము. దానిలోని నీటి పైభాగము చదునుగా నుండక నడుమ గుంటవలె వంగియుండును. ఆ గుంట యడుగు గీతను తాకునట్లుగా, కంటిని గీత కెదురుగా నుంచి చూడవలెను. కన్ను పైనుండి చూచిన నొక లెక్క, క్రిందినుండి చూచిన మఱియొక లెక్క వచ్చును. పూర్వము విద్యార్థులు నోటితోనే ద్రవమును పిపెట్టులోనికి పీల్చుచుండిరి. విషపదార్థములు నోటిలోనికి పోవు ప్రమాద మున్నందున నిపుడు దానిని నిషేధించి రబ్బరుబుడ్డి నుపయోగింతురు.

మేము చేసిన ప్రయోగములన్నియు చెప్పుటకు కాలము చాలదు. చెప్పినను విసుగు పుట్టును. అందుచేత ఒక్కదానిని మాత్రము వివరించెదను. దానిని కనిపెట్టిన యిద్దఱిలో నొకరు మన భీమవరములో పుట్టిన తెలుగువారు. ఆ ప్రయోగములో పుట్టు రంగుకును మీ పొలములోని మట్టికిని సంబంధము కూడ కలదు.

అది రక్తములోని భాస్వరమును కొలుచు ప్రయోగము. భాస్వరమనగా మన యెముకలలోను దంతములలోను సున్నముతో గూడి యుండు మూలపదార్థము. ప్రతి ప్రాణి కణములోను అది కొంత యుండును. నెత్తురు గడ్డకట్టిన పిమ్మట పైకి తేఱు లేతపసుపు నీటిని సీరమందురు. ఆరోగ్యవంతుడైన పెద్దవాని సీరములో, నూఱు మిల్లీలీటరులకు సుమారు 2.5 మొదలుకొని 4.5 మిల్లీగ్రాముల వఱకు భాస్వరము లవణరూపమున నుండును. మూత్రపిండములు చెడినవారిలో అది బయటికి పోక పేరుకొని హెచ్చును. కాబట్టి వైద్యునకు ఈ లెక్క ముఖ్యము.

కొలుచు విధానమిది. కొంచెము సీరము తీసికొని దానిలో ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లము కలుపుదుము. కలుపగానే విఱిగిన పాలవలె తెల్లని ముద్ద యేర్పడును. అది సీరములోని మాంసకృత్తు. దానిని వడగట్టి తేటను వేఱుచేయుదుము. ఆ తేటలో గంధకికామ్లముతో గూడిన అమ్మోనియం మాలిబ్డేటు ద్రావణమును పోయుదుము. భాస్వరము దానితో కలిసి యొక క్రొత్త పదార్థ మగును. పిదప అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లమను మఱియొక మందు కొలచి వేయుదుము. అప్పుడు నీలిరంగు పుట్టును. భాస్వర మెంత యెక్కువయో నీలము అంత చిక్కన. నిర్ణయించిన కొన్ని నిమిషము లాగి, ఆ నీలిద్రవము గుండ ఎఱ్ఱని వెలుగును పంపి, ఎంత వెలుగు దానిలో నడగిపోయెనో కలరిమీటరను యంత్రముతో చూతుము. ఈ యంత్రములు రాకపూర్వము రెండు గాజుపాత్రలలోని రంగులను ప్రక్కప్రక్కన పెట్టి, రెండును సమానముగా కనబడువఱకు లోతు మార్చి, కంటితోనే పోల్చుచుండిరి.

రంగు వచ్చినంతమాత్రమున లెక్క తేలదు. ఆ రంగు సత్యమే చెప్పుచున్నదని తెలియవలెను. అందులకు మాకు మూడు సాక్ష్యములు కావలెను.

మొదటి సాక్ష్యము, లెక్క తెలిసిన నాళికలు. భాస్వరము 10, 20, 30, 40, 50 మైక్రోగ్రాములు గల ద్రావణములను మేమే తూచి తయారుచేసి, వేర్వేఱు నాళికలలో పోసి, వానికిని అవే మందులు కలిపి రంగు రప్పింతుము. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. ఆ రంగుల కొలతలను గళ్ల కాగితముమీద గుర్తించి కలిపినచో తిన్నని గీత యగును. సీరము యొక్క రంగు ఆ గీతమీద నెచ్చట పడునో చూచి లెక్క తేల్తుము. ఒక మిల్లీలీటరు సీరమునకు 35 మైక్రోగ్రాములని తేలినచో, నూఱు మిల్లీలీటరులకు 3.5 మిల్లీగ్రాములన్నమాట. ముద్రవేసిన తూనికరాళ్లు లేని త్రాసును మీరు నమ్మరు గదా. ఈ నాళికలు మాకు తూనికరాళ్లు.

రెండవ సాక్ష్యము, ఏమియు లేని నాళిక. దానిలో సీరముండదు, దానికి మాఱుగా నీరుండును. తక్కిన మందులన్నియు కలుపుదుము. మీరు ధాన్యము తూచునపుడు ఖాళీ గోనెసంచి బరువును తీసివేయుదురు. మేమును ఈ ఖాళీ నాళిక రంగును లెక్కలోనుండి తీసివేయుదుము. దీని ప్రయోజన మంతటితో ముగియదు. కొన్ని సబ్బుపొడులలో భాస్వరలవణము లుండును. వానితో కడిగి చక్కగా జాడింపని నాళికలో రక్తపుచుక్క లేకున్నను నీలిరంగు వచ్చును. ఖాళీ నాళిక నీలముగా మాఱినదనిన, మన సామానులోనో మందులలోనో దోష మున్నదని యర్థము. ఆ దినపు లెక్కలన్నియు ప్రక్కకు పెట్టవలసినదే.

మూడవ సాక్ష్యము, మాఱుకొలత. ఒకే సీరమును రెండు మూడు నాళికలలో విడివిడిగా కొలుతుము. అవి యన్నియు దగ్గఱదగ్గఱగా వచ్చినచో చేతిపని నిలకడగా నున్నదని తెలియును. దూరదూరముగా వచ్చినచో ఏ యొక్కదానిని నమ్మరాదు.

ఈ మూడు సాక్ష్యములు సమకూర్చుటకే మాకు ఎక్కువ కాలము పట్టుచుండెను. అసలు సీరము ఒక నాళిక; దాని సత్యమును నిలబెట్టు నాళికలు ఎనిమిదో పదియో. మొదటి దినములలో ఇది యంతయు వృథాశ్రమ యని తోచును. కొన్ని నెలలు గడచిన పిమ్మటనే ఆ తక్కిన నాళికలు లేని లెక్క వట్టి మాట యని మనసునకు పట్టును.

ఇక నీ చదువులోని యసలు కష్టమును చెప్పెదను. అది కాళ్ల నొప్పి గాదు. విద్యార్థికి అనేక ప్రయోగములలో రావలసిన జవాబు ముందుగానే తెలిసియుండును. ఆరోగ్యవంతుని సీరములో నింత భాస్వర ముండవలెనని పుస్తకములోనే యున్నది. పై తరగతివారి రికార్డు పుస్తకములలోను ఉన్నది. సాయంత్రమైనది, బస్సు వేళ దాటుచున్నది, తన నాళిక చెప్పు లెక్క పుస్తకములోని లెక్కతో కలియుటలేదు. అపుడు ఒక్క అంకెను దిద్దినచో చాలును, అంతయు సరిపోవును. ఎవ్వరును చూడరు. మార్కులును వచ్చును. ప్రయోగశాలలో నడుగిడిన ప్రతి విద్యార్థికిని ఈ యాశ యెదురగును. లోకములో చాలచోట్ల విద్యార్థులు దానికి లొంగుదురు. కొన్నిచోట్ల అది తప్పని కూడ తలపరు. జవాబునుండి వెనుకకు నడచి లెక్కలు కూర్చుట యొక నేర్పనుకొందురు.

మా యధ్యాపకులు దీనికి కట్టుబాట్లు పెట్టిరి. కొలత చూచిన క్షణముననే సిరాతో పుస్తకములో వ్రాయవలెను. చిత్తుకాగితముమీద వ్రాసి పిమ్మట నెక్కింపరాదు. తప్పు పడినచో చెఱపరాదు. ఒక్క గీత గీసి, క్రింది యంకె కనబడునట్లుంచి, ప్రక్కన సరియైనది వ్రాసి, తేదీ వేయవలెను. దస్తావేజులో కొట్టివేత యున్నచో ప్రక్కన సంతకము చేయుదురు గదా, ఇదియు నట్టిదే. కాగితము చింపరాదు. సరిగా రాని ప్రయోగమును కూడ సరిగా వచ్చినదానివలెనే పూర్తిగా వ్రాయవలెను. మార్కులు జవాబునకు గాక, ఏమి చేసితిమి, ఏమి చూచితిమి, ఎందుకట్లు వచ్చి యుండును అను విచారణకే యిచ్చుచుండిరి. మాకు మేలు చేసినది ఈ యొక్క యేర్పాటే యని యిపుడు తెలియుచున్నది.

దీని విలువను నాకు తెలిపిన యొక సంగతి చెప్పెదను. ఒకమాఱు మాకు రెండు సీరములు వచ్చినవి. రెండును ఒకే మనుష్యునివి. ఒకే వేళ తీసిన నెత్తురునుండి వచ్చినవి. కాబట్టి రెండింటను భాస్వరము సమానముగా నుండవలెను. నేనును నాతో పనిచేయు సహాధ్యాయినియు కొలిచితిమి. రెండవ దానిలో ఎక్కువ వచ్చెను. మరల కొలిచితిమి, మరల నట్లే వచ్చెను. ఖాళీ నాళిక శుభ్రముగా నున్నది. లెక్క తెలిసిన నాళికలు తిన్నని గీతమీదనే యున్నవి. రెండింటిని కూడి సగము చేసి వ్రాసినచో పుస్తకపు లెక్క హద్దులలోనే యుండును గదా యని ప్రక్క బల్లవారు సలహా చెప్పిరి. మా యధ్యాపకులు మాత్రము, "నాళికలను గాదు, నెత్తురు నడిగి చూడుడు. అది మీ చేతికి రాకమునుపు ఎక్కడెక్కడ నుండెనో కనుగొనుడు" అనిరి. విచారింపగా, మొదటి నెత్తురు గడ్డకట్టిన గంటలోపలనే సీరమును వేఱుచేసిరనియు, రెండవదానిని మఱునాటివఱకు గడ్డమీదనే యుంచిరనియు తెలిసెను. ఎఱ్ఱకణములలో భాస్వరముతో గూడిన పదార్థములు విస్తారముగా నుండును. నిలువయున్నకొలది అవి విడిపోయి, భాస్వరము మెల్లగా సీరములోనికి దిగును. మా కొలతలు రెండును నిజమే. కొలుచుటకు ముందే నెత్తురు మాఱిపోయినది. మేము సగము చేసి వ్రాసియుండినచో ఆ సంగతి యెన్నటికిని తెలిసెడిది గాదు.

ఇది చిన్న సంగతి. ఇట్టి సంగతినే విడువక పట్టుకొనుటవలన గొప్ప సత్యము బయటపడిన కథ యీ ప్రయోగమునకే కలదు. నేను వివరించిన నీలిరంగు విధానమునకు ఫిస్కే – సుబ్బారావు విధానమని పేరు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. మద్రాసులో వైద్యము చదివి, పిమ్మట అమెరికా దేశమునకు పోయి, బోస్టను నగరములోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే యను పండితునితో కలిసి పనిచేసిరి. వారిద్దఱును 1925లో ఈ విధానమును ప్రకటించిరి. నేటికిని ప్రపంచములోని అనేక విద్యాలయములలో విద్యార్థులు దీనిని నేర్చుకొనుచున్నారు.

విధానము సిద్ధమైన పిమ్మట వారు కండరములలోని భాస్వరమును కొలువ మొదలిడిరి. అచట నొక వింత కనబడెను. లెక్క తెలిసిన నాళికలో నీలిరంగు వేళకు వచ్చి నిలుచుచున్నది. కండరపు తేట గల నాళికలో మాత్రము రంగు మెల్లమెల్లగా, ఆలస్యముగా వచ్చుచున్నది. అంత వఱకు చక్కగా నడచిన విధానము కండరము దగ్గఱ మొండికేసినట్లుండెను. తొందరపడువా డైనచో, మందు చెడిపోయినదనుకొని ఆ నాళికలను పాఱబోసి, మంచి లెక్క వచ్చినవానిని మాత్రము అచ్చువేయును. వారట్లు చేయలేదు. రంగు ఆలస్యముగా వచ్చుచున్నదనిన, భాస్వరము కూడ ఆలస్యముగానే విడుదలయగుచున్నది. అనగా కండరములో నది వేఱొక పదార్థముతో బిగియక బిగిసి యుండి, మేము పోసిన ఆమ్లములో మెల్లగా విడిపోవుచున్నది అని తర్కించిరి. ఆ పదార్థమును వెదకి పట్టిరి. అది భాస్వరమును క్రియాటిన్ అను పదార్థమును కలిసినది. ఫాస్ఫోక్రియాటిన్ అని దానికి పేరు. 1927లో ఈ సంగతి ప్రకటితమయ్యెను. దాదాపు అదే కాలమున ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులును ఇట్టి పదార్థమును గుర్తించిరి.

కండరము పని చేయునపుడు ఈ పదార్థము తగ్గును. విశ్రమించినపుడు మరల పెరుగును. బరువెత్తునపుడు, పరుగెత్తునపుడు కండరమునకు వెంటనే యందు శక్తి దీనివలననే కలుగుచున్నది. పిమ్మట 1929లో ఫిస్కే, సుబ్బారావుగారలు కండరములోనే ఏ.టి.పి. యను మఱియొక భాస్వర పదార్థమును కనుగొనిరి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే యేట దానిని కనుగొనెను. నాగలి లాగు ఎద్దు కండరమునందును, మొలకెత్తు వరిగింజయందును, మన గుండెయందును జరుగు పనులకు శక్తినిచ్చు పదార్థ మిదియే యని తరువాతి పరిశోధనలవలన తెలిసినది. సుబ్బారావుగారు 1940లో లెడర్లే ప్రయోగశాలలకు మాఱి, 1948 ఆగష్టులో న్యూయార్కులో కాలధర్మము నొందిరి. అచట వారి నాయకత్వమున జరిగిన పరిశోధనలనుండియే బోదకాలు వ్యాధికిచ్చు డై ఇథైల్ కార్బమజీన్ అను మందు వచ్చినది. గోదావరి, కృష్ణా తీరముల పల్లెలలో ఆ మాత్రలు మ్రింగినవా రెందఱో యున్నారు. ఆ మందు కథ వేఱు. నే నిచట చెప్పవలసిన దొక్కటే: ఆలస్యముగా వచ్చిన నీలిరంగును వారు పాఱబోయలేదు.

ఇక మీ పొలము సంగతి. భూసార పరీక్షకై మీ రిచ్చు మట్టిలో భాస్వరమును కొలుచుట కూడ ఇట్టి నీలిరంగుతోనే. మట్టి చౌడువైపుగాని మధ్యస్థముగాగాని యున్నచో, దానిని సోడియం బైకార్బొనేటు ద్రావణములో అరగంట కుదిపి, వడగట్టి, ఆ తేటలో మాలిబ్డేటు కలిపి రంగు రప్పింతురు. ఓల్సెన్ మున్నగువారు 1954లో ఈ పద్ధతిని ప్రకటించిరి. రంగును రప్పించు రెండవ మందులో భేదముండవచ్చును గాని సూత్ర మొక్కటే. భారత ప్రభుత్వము 2015వ సంవత్సరము ఫిబ్రవరిలో ప్రారంభించిన భూసార ఆరోగ్య పత్రములలో 12 అంశముల లెక్క లుండును. అందు భాస్వర మొకటి. ఆ లెక్కనుబట్టియే సాగుకు ముందు ఎన్ని బస్తాల ఎరువు వేయవలెనో సలహా చెప్పుదురు. ఆ యంకె తప్పైనచో, అవసరము లేని ఎరువునకు రైతు సొమ్ము పోవును. లేదా కావలసిన ఎరువు పడక పంట తగ్గును. ఒక విద్యార్థి సాయంకాలపు తొందరలో దిద్దిన యంకె వాని మార్కులతో ముగియును. అదే యలవాటుతో వాడు మట్టి పరీక్షశాలలో నుద్యోగియైనచో, ఆ యంకె మీ పొలములోనికి వచ్చును. ఆస్పత్రిలో నుద్యోగియైనచో మీ యింటిలోని రోగి మంచము దగ్గఱకు వచ్చును. ప్రయోగశాల చదువునకును మీకును గల సంబంధ మిదియే.

పరీక్షశాలవారి బాధ్యత యెంతటిదో మట్టి నిచ్చువారి బాధ్యతయు నంతటిదే. నేను చెప్పిన రెండు సీరముల సంగతి జ్ఞాపకముంచుకొనుడు. చేతికి వచ్చిన మట్టి పొలమునకు సరియైన సాక్షి కానిచో, ఎంత నేర్పుతో కొలిచినను ప్రయోజనము లేదు. గట్టు ప్రక్కను, చెట్టు నీడను, పెంటకుప్ప వేసినచోటను, ఇటీవల ఎరువు చల్లినచోటను మట్టి తీయరాదు. పొలమంతట వంకరటింకరగా నడచుచు పది పదునైదు చోట్ల, పైనున్న చెత్తను తొలగించి, ఆఱంగుళముల లోతుగా ఆంగ్లాక్షరము వి ఆకారమున గుంట త్రవ్వి, దాని ప్రక్కనుండి పైనుండి క్రిందివఱకు సమానముగా మట్టి గీసి తీయవలెను. అన్నిటిని ఒకచోట కలిపి, గుండ్రముగా పఱచి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురుగా నున్న రెండు భాగములను తీసివేసి, మిగిలినదానిని మరల కలుపవలెను. సుమారు అరకిలో మిగులువఱకు ఇట్లు చేసి, నీడలో నారబెట్టి, శుభ్రమైన సంచిలో పోసి, పేరును సర్వే నంబరును వ్రాసి యీయవలెను. ఎరువు వచ్చిన ఖాళీ సంచిలో మట్టి పోసి యిచ్చుట సరిగాదు. ఆ సంచికి అంటియున్న ఎరువే నాళికలో రంగు చూపును.

ఈ చదువువలన నాకు లభించినదేమి యని యడిగితిరి. మాలిబ్డేటు ఎంత పోయవలెనో కొంతకాలమునకు మఱచిపోవచ్చును. పుస్తకము చూచినచో మరల తెలియును. మఱపునకు రానివి మూడున్నవి. ఏ లెక్క చెప్పినను దేనితో పోల్చి చెప్పుచున్నామో తెలిసియుండవలెను. ఏ కొలతయు వెండ్రుకవాసి తేడా లేక యుండదు గనుక, ఎంత తేడాకు లోబడి చెప్పుచున్నామో కూడ చెప్పవలెను. మనము కోరిన జవాబు రానపుడు, దానిని దాచక వ్రాసి, కారణము వెదకవలెను. మా తుది పరీక్షలో, ఎంత భాస్వరమున్నదో పరీక్షాధికారికి తప్ప మఱెవ్వరికిని తెలియని సీసా యొకటి చేతికిచ్చిరి. ఆ దినమున పుస్తకము లేదు, పై తరగతివారి రికార్డు లేదు. నాళికలు చెప్పినదే జవాబు. రెండేండ్లు తాను చూచినదానినే వ్రాయుట కలవాటుపడినవానికి ఆ పరీక్ష భయము కలిగింపదు. జవాబునుండి వెనుకకు నడచుట నేర్చినవానికి నడచుటకు దారియే యుండదు.

ఇట్టి చదువు అందఱును చదువవలెనని నేను చెప్పను. ఇది ఖర్చుతో గూడినది, శ్రమతో గూడినది. ముగించినవారందఱికిని వెంటనే ఉద్యోగము దొరకదు. పరికరములు లేక, మందులు లేక, ప్రయోగములను నల్లబల్లమీద వ్రాసి చూపు కళాశాలలును కలవు. బిడ్డను చేర్చుటకు ముందు పెద్దలు ఆ ప్రయోగశాలను కన్నులార చూచుట మంచిది. బల్లలమీద తడి యున్నదా, సీసాలమీది చీటీలలో తేదీలు క్రొత్తవియా, పిల్లలు తమ చేతులతో పని చేయుచున్నారా, లేక నలుగురు చేయగా నలుబదిమంది చూచుచున్నారా యని యడుగవచ్చును. దీనికి శాస్త్రజ్ఞానము అక్కఱలేదు. దుక్కి చూచి రైతు నెఱుగు కన్ను చాలును.

మీ గ్రామమునకు నీటి పరీక్షకో, మట్టి పరీక్షకో, నెత్తురు పరీక్షకో యెవరైన వచ్చినచో వారిని గౌరవముతో మూడు మాట లడుగుడు: "దేనితో పోల్చి చూచితిరి? ఎన్నిమాఱులు కొలిచితిరి? ఏమియు లేని నాళిక యేమి చెప్పినది?" తెలిసినవారు సంతోషముగా సమాధానము చెప్పుదురు. మీ యింటి పిల్లవాడుగాని పిల్లగాని కళాశాలనుండి వచ్చి, "నేటి ప్రయోగము సరిగా రాలేదు" అనినచో కోపపడకుడు. "వచ్చినది వచ్చినట్లు వ్రాసితివా?" అని మాత్ర మడుగుడు. వ్రాసితి ననినచో ఆనాటి చదువు సాగినట్లే యని సంతోషింపుడు.